జమా – ఖర్చు : గాలి పద్దు

పోయిన సంచికలో బంగారం కుదువల గురించి నేను రాసింది చదివిన మన సభ్యులొకరు సంక్రాంతి సమావేశంలో కనబడి, "ఎప్పుడూ బ్యాంకు గొడవేనా సార్, కాస్త బయటికి రండి" అన్నారు. సరే, వచ్చాను. ఏకంగా రేసు కారు షెడ్డులోకే వెళ్ళాను. ఏమాటకామాటే చెప్పుకోవాలి, అక్కడా నాకు కనబడింది బ్యాంకే. ముప్ఫయి ఏళ్ళు లెడ్జర్ల ముందు కూర్చున్న బి.కాం. వాడికి లోకమంతా జమా ఖర్చుల్లాగే తోస్తుంది కాబోలు.

సంగతేమిటంటే, మా తమ్ముడి కూతురు మా కోయంబత్తూరులోనే ఒక ఇంజనీరింగు కాలేజీలో మెకానికల్ చదువుతోంది. వాళ్ళ కాలేజీ పిల్లలు పాతికమంది కలిసి ఏటా ఒక చిన్న రేసు కారు స్వయంగా తయారు చేస్తారు. ఒక్కరే కూర్చునే కారు, పైకప్పు ఉండదు. దాన్ని ఫార్ములా భారత్ అనే విద్యార్థుల పోటీకి తీసుకెళ్తారు. అమెరికాలో 1980ల మొదట్లో ఆరంభమైన ఫార్ములా ఎస్.ఏ.ఇ. పోటీల బాటలోనే ఇదీ నడుస్తుంది. పోటీ మా ఊరి పక్కన చెట్టిపాళయంలోని కారి మోటార్ స్పీడ్‌వే మీద జరుగుతుంది. ఆ మైదానానికి పేరిచ్చిన కరివర్ధన్‌గారు మారుతి 800 ఇంజనుతో తక్కువ ఖర్చులో రేసు కారు తయారు చేసి చూపించినవారు, 1995లో విమాన ప్రమాదంలో పోయారు. జి.డి. నాయుడుగారి కాలం నుంచీ మా ఊరి తెలుగు ఇళ్ళల్లో పిల్లలు బొమ్మ దొరికితే ఆడుకోరు, విప్పి చూస్తారు. మా అమ్మాయీ ఆ కోవకే చెందింది.

ఒక ఆదివారం పొద్దున వచ్చి, "పెద్దనాయనా, ఈసారి నాకు ప్లీనం అప్పగించారు" అంది.

ప్లీనం అంటే నాకు తెలిసింది కమ్యూనిస్టు పార్టీల ప్లీనం ఒక్కటే. అదే చెప్పాను. పడీ పడీ నవ్వి, మా ఇంటి కాలెండరు వెనక బొమ్మ గీసి చూపించింది. ఇంజను గాలి పీల్చుకునే దారిలో మధ్యన ఒక డబ్బా ఉంటుంది. బయటి గాలి ముందు దాంట్లో చేరి, అక్కడి నుంచి ఇంజనులోకి వెళ్తుంది. ఆ డబ్బా పేరే ప్లీనం. లాటిన్‌లో ఆ మాటకు నిండుగా ఉన్నదని అర్థమట. పార్టీ వాళ్ళదీ ఇంజను వాళ్ళదీ మూలం ఒకటేనన్న మాట.

మన తరం వాళ్ళకు కార్బురేటరు కారు బాగా గుర్తుండే ఉంటుంది. చలికాలం పొద్దున్నే చోకు లాగి, నాలుగు సార్లు తాళం తిప్పి, వీధిలో వాళ్ళందరినీ నిద్ర లేపేవాళ్ళం. 2000 ప్రాంతంలో మారుతి 800 వెనక 'ఎంపీఎఫ్ఐ' అన్న అక్షరాలు వచ్చాయి కదా, ఆ బాధ తీర్చినవి అవే. కార్బురేటరులో గాలీ పెట్రోలూ మొదట్లోనే కలిసి, దారి పొడుగునా కలిసే ప్రయాణం చేస్తాయి. దారిలో పెద్ద డబ్బా పెడితే పెట్రోలు తుంపరలు గోడలకు అంటుకుపోతాయి. ఇంజెక్షన్ ఇంజనులో అలా కాదు. గాలి చివరి దాకా ఒంటరిగానే వస్తుంది. వాల్వు దగ్గరికి వచ్చాకే ఇంజెక్టరు పెట్రోలు చిమ్ముతుంది. అంచేత గాలి డబ్బాను మనకు కావలసిన కొలతలో, కావలసిన ఆకారంలో కట్టుకోవచ్చు. మా అమ్మాయికి దొరికిన స్వేచ్ఛ అదే, పట్టుకున్న తలనొప్పీ అదే.

"ఇంజనుకు గాలి కావాలంటే గొట్టం పెద్దది పెడితే పోలేదా? మధ్యలో డబ్బా ఎందుకు?" అని అడిగాను.

"గొట్టం పెద్దది పెట్టనివ్వరు పెద్దనాయనా" అంది.

పోటీ నిబంధన అది. పిల్లల కార్లు మరీ వేగంగా పోకుండా, ఇంజనులోకి పోయే గాలంతా 20 మిల్లీమీటర్ల గుండ్రటి రంధ్రం గుండానే పోవాలి. మన పాత రూపాయి బిళ్ళ కన్నా చిన్నది. దాన్ని రిస్ట్రిక్టరంటారు. ముందు థ్రాటిల్, అంటే కాలితో తొక్కితే తెరుచుకునే తలుపు. దాని తర్వాత ఈ సన్నని మెడ, ఆ తర్వాత ప్లీనం, అక్కడి నుంచి రన్నరు అనే గొట్టం, చివర ఇంజను. ఈ వరస మార్చకూడదు. మెడ దగ్గర గాలి వేగం శబ్దవేగానికి చేరిందంటే, ఆపైన ఇంజను ఎంత గట్టిగా పీల్చినా ఒక్క గ్రాము కూడా ఎక్కువ రాదు. ఆ హద్దు సెకనుకు సుమారు 70 గ్రాముల గాలి. మెడ దాటాక గొట్టం నెమ్మదిగా వెడల్పవ్వాలి. ఒక్కో పక్కకు అయిదారు డిగ్రీలకు మించి విప్పితే గాలి గోడను వదిలేసి సుడులు తిరుగుతుంది. మెడలో పోగొట్టుకున్న ఒత్తిడి తిరిగి రాదు.

గాలి లెక్కలని మనం ఎగతాళిగా అంటాం. ఆ రోజు నేను నిజంగా గాలి లెక్క వేశాను. వాళ్ళు వాడుతున్నది పాత మోడల్ కేటీఎం డ్యూక్ 390 మోటారుసైకిల్ ఇంజను. పూణే దగ్గర చాకన్‌లో తయారయ్యే బండిదే. పోటీలో 710 సీసీల లోపు ఇంజనే వాడాలి కాబట్టి చాలామంది మోటారుసైకిల్ ఇంజన్లే పెట్టుకుంటారు. దీనికి సిలిండరు ఒక్కటే, 373 సీసీ. నిమిషానికి 9,000 చుట్లు తిరిగేటప్పుడు రెండు చుట్లకోసారి గాలి పీలుస్తుంది. అంటే సెకనుకు 75 గుక్కలు. గుక్కకు 373 సీసీ చొప్పున సెకనుకు 28 లీటర్లు. లీటరు గాలి 1.15 గ్రాములు తూగుతుందనుకుంటే సుమారు 32 గ్రాములు.

"మెడలోంచి 70 వస్తుంది, ఇంజనుకు 32 చాలు. ఆదాయంలో సగం కూడా ఖర్చు లేదు. ఇంక బాధేమిటమ్మా?" అన్నాను.

"32 సగటు. ఇంజను నాలుగు పనులు చేస్తుంది. గాలి పీల్చడం, నొక్కడం, మండించడం, పొగ వదలడం. అందులో పీల్చేది ఒక్క వంతే. మిగిలిన మూడు వంతుల కాలం నోరు మూసుకునే ఉంటుంది. సెకనుకు కావలసినదంతా ఆ నాలుగో వంతులోనే లాగాలంటే, ఆ క్షణంలో 128 గ్రాముల లెక్కన లాగాలి. మెడ 70 దాటి ఇవ్వదు."

అప్పుడు అర్థమైంది. ఏడాది జీతం ఏడాది ఖర్చుకు రెండింతలున్న ఉద్యోగి కూడా జూన్ నెలలో పిల్లల ఫీజులు కట్టడానికి అప్పు కోసం మా బ్యాంకుకు వస్తాడు. ఆదాయం తక్కువై కాదు. జమ నెలనెలా సమానంగా వస్తుంది, ఖర్చు మాత్రం ఒక్కసారిగా మీద పడుతుంది. అలాంటివాడికి నేను చెప్పేది ఒకటే, నెలనెలా కొంత పక్కన పెట్టు అని. ప్లీనం చేసే పని అదే. ఇంజను నోరు మూసుకున్న మూడు వంతుల కాలంలో మెడ గుండా వచ్చే గాలిని జమ చేసుకుని, గుక్క వేసుకునేటప్పుడు చెల్లిస్తుంది. మెడ మాత్రం సగటున 32 గ్రాములే పంపుతూ హాయిగా ఉంటుంది.

"అయితే ఎంత పెద్ద డబ్బా కావాలి?" అని అడిగింది. అడగడంలో ఒక మతలబు ఉంది. అల్యూమినియం రేకుకూ, సెన్సార్లకూ, మిగిలిన సామానుకూ నేను 40,000 రూపాయలు ఇస్తానని మాట ఇచ్చాను.

ఆమె లెక్క రెండున్నర లీటర్లు. మధ్యలో జమ ఏమీ పడదనుకుంటే, ఒక్క లీటరు డబ్బాలోంచి 373 సీసీల గుక్క తీస్తే నిల్వలో 37 శాతం పోతుంది. రెండున్నర లీటర్లయితే 15 శాతం. అయిదు లీటర్లయితే ఏడున్నర.

"ఇంకేం, అయిదే పెట్టు" అన్నాను. "నిల్వ ఎంత ఉంటే అంత నిశ్చింత. నేను ముప్ఫయి ఏళ్ళుగా చూస్తున్నాను, నిల్వ ఎక్కువై చెడినవాడు లేడు."

వాళ్ళ జట్టులో ఒక సీనియరు కుర్రాడు కూడా పెద్ద డబ్బా వైపే మొగ్గాడు. కంప్యూటరు లెక్కలో పై చుట్లలో బలం ఎక్కువ చూపించిందట, అది నిజమే. అమ్మాయి ఒకటి రెండు సార్లు ఏదో చెప్పబోయింది. డబ్బిచ్చేవాడు అభిప్రాయం కూడా ఇస్తే వినేవాళ్ళకు ఎదురు చెప్పడం కష్టం. ఈ సంగతి నాకు ఆ రోజు తట్టలేదు.

అయిదు లీటర్ల డబ్బాకు ఇంకో చిక్కు వచ్చింది. గాలి సరంజామా అంతా డ్రైవరు తల వెనక ఉండే ఇనప కమ్మీ పైకొసకూ చక్రాల బయటి అంచుకూ మధ్య గీసిన హద్దు లోపలే ఉండాలి. గుండ్రంగా చేస్తే అంత పెద్దది అక్కడ పట్టదు. అందుకని పెట్టెలా చేశారు. నిడివి 20 సెంటీమీటర్లు, వెడల్పు 20, ఎత్తు పన్నెండున్నర. రెండు మిల్లీమీటర్ల అల్యూమినియం రేకు. ఎక్కడో వెల్డింగు చేయించి తెచ్చి చూపించారు. అచ్చం మా తాతగారి క్యాషు పెట్టెలా ఉంది. నాకు తెగ నచ్చింది.

రన్నరు గొట్టం ముచ్చట కూడా చెప్పాలి. వాల్వు తెరుచుకుని ఇంజను గుక్క వేయగానే గొట్టంలో ఒక అల పుట్టి, శబ్దవేగంతో ప్లీనం దాకా పోతుంది. అక్కడ విశాలమైన చోటు తగిలి, తిరుగు టపాలో ఒత్తిడి అలగా వెనక్కి వస్తుంది. అది వాల్వు మూసుకోబోయే ముందు వచ్చి చేరితే ఇంకొంచెం గాలిని లోపలికి నెడుతుంది. ఆలస్యమైతే తలుపు మూసేసి ఉంటుంది. గొట్టం 30 సెంటీమీటర్లయితే అల పోయి రావడానికి సుమారు 1.7 మిల్లీసెకన్లు పడుతుంది. 7,000 చుట్ల వేగంలో ఆ లోపల ఇంజను 73 డిగ్రీలు తిరిగిపోతుంది. పొడుగు గొట్టం తక్కువ చుట్లకు, పొట్టి గొట్టం ఎక్కువ చుట్లకు అనువు. మన పెళ్ళిళ్ళలో వాయించే నాదస్వరంలో గొట్టం పొడుగును బట్టి శ్రుతి ఎలా మారుతుందో ఇదీ అంతే. ప్లీనం లోపల రన్నరు మూతి కూడా నాదస్వరం కొసలాగే విప్పారి ఉండాలి. లేకపోతే గాలి అంచును కోసుకుంటూ తడబడుతూ లోపలికి వెళ్తుంది.

నవంబరులో కాలేజీ మైదానంలో కారు తొలిసారి నడిపారు. నన్నూ పిలిచారు. తిన్నగా పోయేటప్పుడు బ్రహ్మాండంగా పోయింది. ఎర్ర కోన్ల మధ్య మెలికలు తిరిగేటప్పుడు మాత్రం నడిపే కుర్రాడు ముఖం చిట్లించుకున్నాడు. "తొక్కితే వెంటనే రాదు, కాలు తీస్తే వెంటనే ఆగదు" అన్నాడు.

అమ్మాయి నోటుపుస్తకం తెరిచింది. 6,000 చుట్లలో ఇంజను సెకనుకు 50 గుక్కలు, అంటే 18 లీటర్లకు పైగా తాగుతుంది. అయిదు లీటర్ల డబ్బా పావు సెకనుకు పైబడిన నిల్వ. డ్రైవరు కాలు తీసి తలుపు మూసినా, ఇంజను తలుపు వెనక దాచిన ఆ నిల్వను తాగుతూ తోస్తూనే ఉంటుంది. గంటకు 50 కిలోమీటర్ల వేగంలో పావు సెకనంటే మూడున్నర మీటర్లు. ఆ లోపల కోను గుద్దేస్తాం. మళ్ళీ తొక్కినప్పుడు, వచ్చిన గాలిలో కొంత ముందు ఖాళీ అయిన డబ్బాను నింపాలి, ఆ తర్వాతే ఇంజనుకు పూర్తి వాటా. డబ్బా సగానికి తగ్గితే ఈ ఆలస్యం కూడా సగమవుతుంది.

"అది మొదటే ఎందుకు చెప్పలేదమ్మా?" అన్నాను.

"చెప్పబోయాను పెద్దనాయనా" అంది. అంతకంటే ఏమీ అనలేదు.

అసలు గండం డిసెంబరులో వచ్చింది. కారు నిలబడి ఉన్నప్పుడు ఇంజను 1,700 చుట్ల దగ్గర నెమ్మదిగా తిరగాలి. అది 3,000 దగ్గర ఊగిసలాడడం మొదలెట్టింది. కంప్యూటరులో ఏం మార్చినా దిగలేదు. ఒక సాయంత్రం అమ్మాయి ఇంజను నడుస్తుండగా థ్రాటిల్ మూతికి టెన్నిస్ బంతి అడ్డం పెట్టింది. గాలి దారి మూసేస్తే ఇంజను ఠక్కున ఆగిపోవాలి. ఆగలేదు. ఎగశ్వాసతో కొట్టుకుంటూ తిరుగుతూనే ఉంది. ఎక్కడి నుంచో దొంగగాలి వస్తోంది!

ప్లీనంకు సైకిలు పంపుతో కాస్త గాలి కొట్టి, సబ్బునీళ్ళు పూశారు. పంక్చరు షాపు పద్ధతే. ఒక మూల అతుకు వెంబడి వెంట్రుక మందం పగులు, దాని మీద బుడగలు.

కారణం తర్వాత తెలిసింది. కాలు తీసినప్పుడు డబ్బా లోపల ఒత్తిడి సగానికి పడిపోతుంది. బయటి గాలి చదరపు సెంటీమీటరుకు అరకిలో చొప్పున నొక్కుతుంది. 20 సెంటీమీటర్ల చదరపు పలక అంటే 400 చదరపు సెంటీమీటర్లు, 200 కిలోలు! నలుగురు పిల్లలు ఎక్కి కూర్చున్నట్టు. తొక్కగానే ఆ బరువు దిగిపోతుంది, తీయగానే మళ్ళీ ఎక్కుతుంది. బల్లపరుపు రేకు డోలు చర్మంలా లోపలికీ బయటికీ ఆడి ఆడి అతుకు దగ్గర తెగింది. గుండ్రటి డబ్బా అయితే ఒత్తిడిని చుట్టూ పంచుకుంటుంది, ఆడదు.

జట్టులో ఒకరిద్దరు, "పోటీకి నెల లేదు. కాస్త రబ్బరు బంక పూసేద్దాం. కొంచెం గాలి ఎక్కువొస్తే మనకే లాభం కదా" అన్నారు. అమ్మాయి నా వైపు చూసింది. ఈసారి నాకు సందేహం లేదు. "మెడ దాటాక వచ్చే గాలి పుస్తకంలో రాయని జమ. దాంతో గెలిచినా అది మీ గెలుపు కాదు" అన్నాను. "అయితే కొత్తది చేస్తాను, రెండున్నర లీటర్లు, గుండ్రంగా" అంది. "నీ లెక్క, నీ ఇష్టం" అన్నాను. ఆ మాట సెప్టెంబరులోనే అనాల్సింది.

కాలేజీకి సెలవులు. మొదట వెల్డింగు చేసినతను ఊరెళ్ళాడు. మిగిలింది మా తమ్ముడి పట్టరై. వర్క్‌షాపును ఇక్కడ అందరూ అలాగే అంటారు. మరి మొదటే అక్కడికి ఎందుకు వెళ్ళలేదని మీరు అడగవచ్చు. దానికి నేను 2008కి వెళ్ళాలి.

ఆ ఏడాది అవారంపాళయంలో ఒక చిన్న కర్మాగారం మూతపడి, పాత సీఎన్‌సీ లేతు చవగ్గా అమ్మకానికి వచ్చింది. తమ్ముడికి లక్షన్నర తక్కువైంది. నా దగ్గర అంతకు రెండింతలు ఫిక్సెడ్ డిపాజిట్లో ఉంది. వచ్చి అడిగాడు. "ఆలోచించి చెబుతాను" అన్నాను. ఇవ్వకూడదని కాదు. గడువుకు ముందు తీస్తే వడ్డీ ఎంత పోతుంది, పిల్లల చదువుకు ఎంత ఉంచాలి అని లెక్కలు వేసుకుంటూ 18 రోజులు గడిపాను. పందొమ్మిదో రోజు డబ్బు సిద్ధం చేసుకుని వెళ్ళాను. లేతు అంతకు ముందురోజే తిరుప్పూరు వాళ్ళు పట్టుకుపోయారు. తమ్ముడు ఒక్క మాట అనలేదు. అప్పటి నుంచి పండగలకు వస్తాడు, పలకరిస్తాడు, భోజనం చేస్తాడు. దేనికీ అడగడం మాత్రం మానేశాడు. కూతురు కాలేజీ కారు సంగతి కూడా, "మీ పెద్దనాయన చూసుకుంటాడుగా" అని దూరంగానే ఉన్నాడు.

ఆ రాత్రి ఎనిమిదికి అమ్మాయి బొమ్మలు పట్టుకుని వాళ్ళ నాన్న ముందు నిలబడింది. నేను గుమ్మం దగ్గర నిలబడ్డాను. అతను కాగితం దీపం కింద పెట్టి చాలాసేపు చూశాడు.

"13 సెంటీమీటర్ల వ్యాసం, 19 పొడవు. గొట్టం నా దగ్గరే ఉంది. రెండు కొసల మూతలు చదునుగా వద్దు, కొంచెం గుమ్మటంలా కొడతాను" అన్నాడు. పక్క షెడ్డు నుంచి టిగ్ వెల్డింగు సెట్టు గంటల లెక్కన అద్దెకు తెచ్చాడు. "పట్టుకో అన్నా" అని గొట్టం ఒక కొస నా చేతికిచ్చాడు. పదహారేళ్ళ తర్వాత నన్ను అడిగిన మొదటి సాయం అది.

పని చేస్తూ చెప్పాడు. "ఇనుమైతే ఎర్రబడి చెబుతుంది. అల్యూమినియం రంగు మార్చదు. బాగానే ఉందనుకుంటూ చూస్తుండగానే కూలిపోతుంది. దాన్ని కనిపెట్టి ఉండాలి." లోహం గురించే అన్నాడనుకుంటాను.

రాత్రి ఒంటిగంటకు పని పూర్తయింది. సబ్బునీళ్ళు పూస్తే ఒక్క బుడగ లేదు. రెండు రోజుల తర్వాత ఇంజనుకు బిగించి, టెన్నిస్ బంతి పెట్టగానే ఠక్కున ఆగింది. ఇంజను ఆగిపోయినందుకు పాతికమంది చప్పట్లు కొట్టడం నేను చూడడం అదే మొదలు. అయితే అంతటితో అయిపోలేదు. గాలి డబ్బా మారితే ఏ వేగంలో ఎంత గాలి వస్తుందో అన్నీ మారిపోతాయి. ప్లీనం లోపలి ఒత్తిడినీ వేడినీ చూసి కంప్యూటరు గాలి బరువు కడుతుంది, దాన్ని బట్టే ఇంజెక్టరు పెట్రోలు కొలుస్తుంది. ఒక పాలు పెట్రోలుకు 14.7 పాళ్ళ గాలి అనేది మూల లెక్క. బలం కావలసిన చోట 13కు దగ్గరగా తెస్తారు. పొగగొట్టంలో సెన్సారు పెట్టి, వారం రోజులు కూర్చుని, గడి గడికీ అంకెలు దిద్దింది అమ్మాయి. మా బ్యాంకులో మార్చి నెలాఖరు గుర్తొచ్చింది.

పై చుట్లలో బలం కొద్దిగా తగ్గిన మాట నిజం. కానీ కోన్ల మధ్య కారు కాలు చెప్పినట్టు విన్నది. చెట్టిపాళయంలో 22 కిలోమీటర్ల ఓర్పు పరుగు ఆగకుండా పూర్తి చేశారు. మొదటి వరసలో రాలేదు, మధ్యలో వచ్చారు. మొదలెట్టిన కార్లన్నీ చివరిదాకా రాలేదు కాబట్టి అది చిన్న సంగతేమీ కాదు. ఇప్పుడక్కడ కరెంటు కార్లకూ పోటీ ఉంది. గాలి పీల్చే ఇంజన్లకు ఇంకెంత కాలమో కానీ, ఈ లెక్క నేర్చుకున్న పిల్లలకు అది ఎక్కడైనా పనికొస్తుంది.

మధ్యలో ఒక చిన్న ముచ్చట మిగిలిపోయింది. వెల్డింగు అయిన మర్నాడు కాలేజీ లెక్కలకు బిల్లు కావాలని అమ్మాయి అడిగితే, వాళ్ళ నాన్న రసీదు పుస్తకం తీసి పద్ధతిగా రాశాడు. టిగ్ సెట్టు అద్దె, ఆర్గాన్, గొట్టం, మొత్తం 2,350 రూపాయలు. కూలి రాయలేదు. నేను అక్కడికక్కడే ఫోను తీసి పంపాను. అతని జేబులో ఫోను మోగింది. చూసుకుని, "అన్నా, నీ ఖాతాలోంచి డబ్బు ఇంత తొందరగా రావడం నేను చూడడం ఇదే మొదటిసారి" అని నవ్వాడు.

నేనూ నవ్వాను, పావు సెకను ఆలస్యంగా.

"ఇంకేమన్నా మిషను చూశావా? నేనున్నాను" అన్నాను. "ఇప్పుడు అవసరం లేదన్నా. ఉన్నప్పుడు అడుగుతాలే" అన్నాడు. అడుగుతాను అన్నాడు కదా, అది చాలు నాకు.

ఈ శీర్షికలో నేను ఎన్నోసార్లు రాశాను, మూడు నుంచి ఆరు నెలల ఇంటి ఖర్చు ఎప్పుడూ చేతికందేలా ఉంచుకోండి అని. ఆ మాట వెనక్కి తీసుకోను. డబ్బా లేని ఇంజను మెడ పట్టేసి ఊపిరాడక చస్తుంది. అయితే ఆ మాటకు ఇవాళ ఒకటి జోడిస్తున్నాను. మీ గుక్క ఎంతో, మీకు వచ్చే జమ ఎంతో చూసుకుని ఆ కొలతకు నిల్వ కట్టుకోండి. అంతకు మించి కడితే, మనవాళ్ళు అడిగినప్పుడు చెయ్యి కదలదు. నిల్వ ఎంత ఉందని ఎదుటివాడు చూడడు, సమయానికి అందిందా లేదా అనే చూస్తాడు.

నాకు నచ్చిన ఆ పాత క్యాషు పెట్టె ప్లీనంను అమ్మాయి పారేయలేదు. మా ఇంటికి తెచ్చి ఇచ్చింది. నా బల్ల మీదే ఉంది. పగులు కనబడేలా పెట్టుకున్నాను. వచ్చే సంచికలో మళ్ళీ బ్యాంకులోనే కలుద్దాం.